పోటీకి రివాల్వర్: ముందు రూల్‌బుక్, తర్వాతే తుపాకీ

"పోటీలకి ఏ రివాల్వర్ మంచిది?" అని అడిగితే తెలిసినవాళ్ళు వెంటనే జవాబు చెప్పరు. ఏ పోటీకి అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆరున్నర అంగుళాల బ్యారెల్, ఎనిమిది తూటాల సిలిండర్ ఉన్న 9 ఎంఎం రివాల్వర్ ఉక్కు ప్లేట్లను వేగంగా కొట్టే స్టీల్ ఛాలెంజ్ పోటీకి చక్కగా సరిపోతుంది. దాన్నే పట్టుకుని, ఆత్మరక్షణ పరిస్థితులను అనుకరించే ఐడీపీఏ మ్యాచ్‌కి వెళ్తే తనిఖీ దగ్గరే ఆపేస్తారు. అక్కడ రివాల్వర్ బ్యారెల్ 4.25 అంగుళాలు మించకూడదు. రివాల్వర్లకే పెట్టిన ఐకోర్ పోటీల క్లాసిక్ విభాగంలోనూ దానికి చోటు ఉండదు. అక్కడ ఆరు తూటాలే, తూటాలన్నిటినీ కలిపి పట్టుకునే మూన్ క్లిప్పులు (పలచటి లోహపు రేకులు) పనికిరావు. కాబట్టి ఎక్కడ ఆడబోతున్నారో తేల్చుకుని, ఆ సంస్థ తాజా రూల్‌బుక్‌లో మీ విభాగం పేజీ చదివి, ఆ తర్వాతే తుపాకీ మాటెత్తండి. మీ దేశంలో లైసెన్స్ షరతులేమిటి, తుపాకీలో మార్పులు చేయించడానికి అనుమతి ఉందా అన్నవి కూడా అప్పుడే చూసుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరుగు, వేగం ఉన్న పోటీల్లో రివాల్వర్ ఎంచుకోవడమంటే చాలావరకు రీలోడ్‌ని, అంటే మళ్ళీ తూటాలు నింపే పద్ధతిని, ఎంచుకోవడమే. అమెరికా రివాల్వర్ షూటర్ జెర్రీ మిక్యులెక్ 1999లో స్మిత్ అండ్ వెసన్ 625తో ఒకే టార్గెట్ మీద ఆరు తూటాలు కాల్చి, రీలోడ్ చేసి, మళ్ళీ ఆరు కాల్చాడు. మొత్తం 2.99 సెకన్లు. చాలామంది ఆయన వేలి వేగం గురించే మాట్లాడతారు. కానీ ఆయన చేతిలో ఉన్నది .45 ఏసీపీ రివాల్వర్ అనీ, ఆరు తూటాలూ ఒకే మూన్ క్లిప్‌లో ఉన్నాయనీ, పొట్టిగా లావుగా ఉండే ఆ తూటాలు సిలిండర్‌లోకి సులువుగా జారతాయనీ గమనించాలి. బ్యారెల్ మీద, పాలిష్ మీద పెట్టే శ్రద్ధలో సగం రీలోడ్ మీద పెడితే స్కోరు ఎక్కువ మెరుగవుతుంది.

ఆరా, ఎనిమిదా?

కదులుతూ టార్గెట్లు కొట్టే ప్రాక్టికల్ షూటింగ్ పోటీల అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీలోనూ, దాని అమెరికా విభాగమైన యూఎస్‌పీఎస్‌ఏలోనూ రివాల్వర్ వాళ్ళ మధ్య తెగని వాదన ఇదే. ముందు పవర్ ఫ్యాక్టర్ సంగతి చూద్దాం. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో తీసుకుని, సెకనుకి అడుగుల్లో దాని వేగంతో గుణించి, వెయ్యితో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్. 158 గ్రెయిన్ల బుల్లెట్ 800 అడుగుల వేగంతో వెళ్తే 126.4 వస్తుంది. 230 గ్రెయిన్ల .45 బుల్లెట్ 745 అడుగులతో వెళ్తే 171 దాటుతుంది. దీన్ని బట్టి మైనర్ (తక్కువ బలం), మేజర్ (ఎక్కువ బలం) అని రెండు తరగతులు. మైనర్‌కి కనీసం 125 కావాలి. రివాల్వర్ విభాగంలో మేజర్‌కి ఐపీఎస్‌సీలో 170, యూఎస్‌పీఎస్‌ఏలో 165. ఏడు, ఎనిమిది తూటాల సిలిండర్లను ఐపీఎస్‌సీ మైనర్ కిందే లెక్కిస్తుంది, తూటా ఎంత బలమైనదైనా సరే. యూఎస్‌పీఎస్‌ఏలోనూ ఎనిమిది నింపి ఆడాలంటే మైనర్‌కి ఒప్పుకోవాలి.

దీనివల్ల పోయేదెంత? టార్గెట్ మధ్యలోని 'ఏ' (A) జోన్‌కి తగిలితే ఎవరికైనా 5 పాయింట్లే. సీ జోన్‌కి మేజర్ వాళ్ళకి 4, మైనర్ వాళ్ళకి 3. డీ జోన్‌కి 2, 1. ఈ పాయింట్లను పట్టిన సమయంతో భాగిస్తే వచ్చే హిట్ ఫ్యాక్టరే మీ ఫలితం. 24 తూటాల స్టేజ్‌లో (మ్యాచ్‌లో ఒక ఘట్టం) 18 ఏ, 6 సీ కొట్టారనుకోండి. మేజర్ అయితే 114 పాయింట్లు, మైనర్ అయితే 108. హిట్ ఫ్యాక్టర్ 4 దగ్గర ఆడే మనిషికి ఆ ఆరు పాయింట్లు ఒకటిన్నర సెకనుతో సమానం. ఆరు తూటాల వాళ్ళకి ఆ స్టేజ్‌లో కనీసం మూడు రీలోడ్లు పడతాయి, ఎనిమిది వాళ్ళకి రెండు. మిగిలిన ఆ ఒక్క రీలోడ్‌కి ఒకటిన్నర సెకను కంటే ఎక్కువ పడితే ఎనిమిదే లాభం.

ఒక మెలిక ఉంది. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి నడుస్తూ చేసే రీలోడ్‌కి పెద్దగా సమయం పోదు, ఎలాగూ కాళ్ళు కదులుతూనే ఉంటాయి కదా. దెబ్బతీసేది నిలబడి చేసే రీలోడ్. ఒక చోటు నుంచి కొట్టాల్సిన హిట్లకి యూఎస్‌పీఎస్‌ఏలో 8, ఐపీఎస్‌సీలో 9 అని పరిమితి ఉంది. యూఎస్‌పీఎస్‌ఏ స్టేజ్‌లో ఒక చోట ఎనిమిది హిట్లు ఉంటే, ఎనిమిది తూటాల రివాల్వర్‌తో తప్పు లేకుండా కొట్టి ముందుకి కదలొచ్చు. ఆరు తూటాల వాళ్ళు రెండు హిట్లు మిగిలి ఉండగా అక్కడే నిలబడి సిలిండర్ తెరవాలి. ఉక్కు ప్లేట్లు ఉంటే మరీ కష్టం. ఆరు ప్లేట్ల వరుస ముందు ఆరు తూటాలతో నిలబడ్డవాడికి ఒక్కటి తప్పినా రీలోడే గతి.

అందుకే ఈ పోటీలకి కొత్తగా కొనేవాళ్ళకి నా సలహా ఎనిమిదే. ఇప్పటికే .45 ఆరు తూటాల రివాల్వర్ ఉండి, దానికి సరిపడా మూన్ క్లిప్పులూ బెల్టూ సమకూర్చుకున్నవాళ్ళు మాత్రం దాన్ని వదిలేసి పరుగెత్తనక్కర్లేదు. మేజర్ స్కోరింగ్, సులువైన రీలోడ్ కలిసి ఆ లోటును కొంత పూడుస్తాయి. క్లబ్ స్థాయిలో గెలుపోటములు చాలావరకు తప్పిన తూటాల దగ్గరే తేలిపోతాయి.

స్టీల్ ఛాలెంజ్ లెక్క వేరు. అక్కడ స్ట్రింగ్‌కి (ఒక విడత కాల్పులకి) ఐదు ప్లేట్లు, చివరగా కొట్టాల్సింది స్టాప్ ప్లేట్. ఒక్క స్టేజ్ తప్ప మిగతావాటిలో ఐదేసి స్ట్రింగులు ఆడితే, అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చినదాన్ని తీసేసి నాలుగింటి సమయం కలుపుతారు. పవర్ ఫ్యాక్టర్ లేదు. ఆరు తూటాల రివాల్వర్‌లో ఒక తూటా అదనం, ఎనిమిదిలో మూడు. ఆ రెండు అదనపు తూటాలు ఇచ్చే మనశ్శాంతి తక్కువది కాదు. మామూలు సైట్ల రివాల్వర్‌కీ, డాట్ (వెలిగే చుక్కతో గురి చూపే సైట్) బిగించినదానికీ వేర్వేరు విభాగాలు ఉన్నాయి. రీలోడ్ దాదాపు అక్కర్లేని పోటీ కాబట్టి, ఇక్కడ తేలికపాటి లోడ్, మంచి ట్రిగ్గర్, త్వరగా దొరికే ఫ్రంట్ సైట్ ఉంటే చాలు.

ఐకోర్ అచ్చంగా రివాల్వర్ల కోసం 1991లో పుట్టిన సంస్థ. పవర్ ఫ్యాక్టర్ 120 చాలు. స్కోరు సమయం మీద ఉంటుంది, గురి తప్పినకొద్దీ సెకన్లు కలుస్తాయి. డాట్, కాంపెన్సేటర్ (తుపాకీ మూతి పైకి ఎగరడాన్ని తగ్గించే భాగం) పెట్టుకునేవాళ్ళకి ఓపెన్ విభాగం ఉంది. మామూలు సైట్లతో ఎనిమిది తూటాలు కావాలంటే లిమిటెడ్. ఆరు తూటాలతో ఆడేవాళ్ళకి లిమిటెడ్ సిక్స్. స్పీడ్ లోడర్‌తో (తూటాలన్నిటినీ ఒకేసారి గదుల్లోకి దింపే పరికరం) పాతకాలం పద్ధతిలో ఆడేవాళ్ళకి క్లాసిక్. ఇంట్లో ఇప్పటికే .357 రివాల్వర్ ఉన్నవాళ్ళు పెద్ద ఖర్చు లేకుండా మొదలుపెట్టగలిగే విభాగం క్లాసిక్. కొత్తవాళ్ళకి ఇది బాగా నేర్పుతుందని కూడా నా నమ్మకం.

ఐడీపీఏలో ఆరు తూటాలే నింపాలి. స్పీడ్ లోడర్ వాడే రివాల్వర్లకీ, మూన్ క్లిప్ వాడేవాటికీ పవర్ పరిమితి ఒకటి కాదు. ఆరుబయట నిలిచి వేగంగా కాల్చే ఆట కాదిది, చాటు ఉన్న చోటల్లా దాని వెనక నుంచే కాల్చాలి. నాలుగు అంగుళాల రివాల్వర్ అక్కడ సహజంగా ఇమిడిపోతుంది.

గురి పోటీలు మళ్ళీ వేరే లోకం

పోలీసుల పిస్టల్ పోటీగా మొదలైన పీపీసీ 1500 మ్యాచ్‌లో 150 తూటాలు, పూర్తి స్కోరు 1500. దూరం 7 గజాల నుంచి 50 గజాల దాకా. అందులోని మొదటి భాగంలో 7 గజాల దగ్గర 20 సెకన్లలో 12 తూటాలు కాల్చాలి, మధ్యలో రీలోడ్ కూడా ఆ ఇరవైలోనే. ఇక్కడ గెలిచే రివాల్వర్ రూపమే వేరు. కె ఫ్రేమ్ లేదా ఎల్ ఫ్రేమ్ (స్మిత్ అండ్ వెసన్ ఫ్రేమ్ సైజులు) మీద లావుపాటి ఆరు అంగుళాల బ్యారెల్, దాని మీద రిబ్ (పొడవాటి లోహపు పట్టీ), ఒక్కో దూరానికి ఒక్కో అమరిక ఉండే సైట్లు ఉంటాయి. తూటా .38 స్పెషల్, 148 గ్రెయిన్ల వాడ్‌కటర్. వాడ్‌కటర్ ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది, కాగితంలో గుండ్రటి చిల్లు శుభ్రంగా కోస్తుంది, స్కోరు చూడటం తేలిక. కాకపోతే ఆ బల్లపరుపు మూతి సిలిండర్ గదిలోకి దూరడానికి మొరాయిస్తుంది. కాబట్టి గదుల అంచులు సరిగ్గా వాలుగా చెక్కించడం ఈ పోటీలో అవసరం.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ 25 మీటర్ల సెంటర్‌ఫైర్ ఈవెంట్‌లో 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల దాకా క్యాలిబర్ ఉండొచ్చు. ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు మించకూడదు. ఆరు అంగుళాల బ్యారెల్ అంటే 152.4 మిల్లీమీటర్లు, సరిగ్గా లోపల పడుతుంది. ఆరున్నర అంగుళాలది పడదు. ఈ ఈవెంట్‌లో 30 తూటాలు నిదానంగా, 30 తూటాలు వేగంగా కాల్చాలి. వేగం భాగంలో టార్గెట్ మూడు సెకన్లు కనిపించి ఏడు సెకన్లు మాయమవుతుంది. కనిపించినప్పుడల్లా ఒక్క తూటానే. ఆ ఏడు సెకన్లలో హ్యామర్ వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో (ముందే లాగి ఉంచిన హ్యామర్‌ని ట్రిగ్గర్ వదిలే పద్ధతి) సిద్ధం కావచ్చు. అందుకే రివాల్వర్ ఇక్కడ ఇన్నాళ్ళు నిలబడగలిగింది. .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వాడ్‌కటర్ కోసం ఫ్రాన్స్‌లో తయారైన మానురాన్ ఎంఆర్ 32 ఈ పనికే పుట్టింది. ఇప్పుడు ఎక్కువమంది సెమీ ఆటోమేటిక్ పిస్టల్సే వాడుతున్నారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఈ ఈవెంట్ కోసం రివాల్వర్ కొనమని నేను చెప్పను. ప్రేమ ఉంటే సరే.

కౌబాయ్ యాక్షన్ ఆటలో ఎంపిక చిన్నది. 1873 నాటి కోల్ట్ తరహా సింగిల్ యాక్షన్ రివాల్వర్లు రెండు కావాలి. ఆరు గదుల్లో ఐదే నింపి, హ్యామర్ ఖాళీ గది మీద ఆనించి ఉంచాలి. బయటికి కనిపించే మార్పులకి అక్కడ పెద్దగా అవకాశం లేదు.

మూన్ క్లిప్, స్పీడ్ లోడర్, తూటా

మూన్ క్లిప్ అంటే తూటాల వెనక గాడుల్లో ఇమిడే పలచటి లోహపు రేకు. తూటాలన్నీ దానితో కలిసే లోపలికి వెళ్తాయి, ఖాళీ కేసులన్నీ దానితోనే బయటికి వస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో .45 ఏసీపీ తూటాలను రివాల్వర్లలో వాడటానికి మూడేసి తూటాలు పట్టే సగం క్లిప్పులు వచ్చాయి. ఇప్పటివి వాటి వారసులే. వేగంలో వీటికి సాటి లేదు. స్పీడ్ లోడర్ తూటాలను లోపల వదిలి బయటికి వచ్చేస్తుంది. ఖాళీ కేసులు తీసేటప్పుడు ఒకటి ఎక్స్‌ట్రాక్టర్ (కేసులను బయటికి నెట్టే భాగం) కింద చిక్కుకుందంటే ఆ స్టేజ్ పోయినట్టే.

మూన్ క్లిప్‌కి శత్రువు వంకర. కంటికి ఆనని వంపు చాలు, సిలిండర్ బిగుసుకుని ట్రిగ్గర్ ఒక్కో గది దగ్గర ఒక్కో బరువు చూపిస్తుంది. కొత్తవాళ్ళు దాన్ని ట్రిగ్గర్ లోపం అనుకుని గన్‌స్మిత్ (తుపాకీ మరమ్మతు నిపుణుడు) దగ్గరికి పరుగెత్తుతారు. క్లిప్పుల నుంచి కేసులు తీయడానికి పనిముట్టు వాడండి, వేళ్ళతో విరిచి తీస్తే రేకు వంగుతుంది. .38, .357 వాడేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. కేసు తయారుచేసిన కంపెనీని బట్టి గాడి వెడల్పు మారుతుంది, క్లిప్ మందం దానికి తగ్గట్టు ఉండాలి. వదులుగా ఉంటే తూటాలు ఊగుతాయి, బిగుతుగా ఉంటే క్లిప్ వంగుతుంది. ఒకే కంపెనీ కేసులు, వాటికి సరిపడే క్లిప్పులు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం తలనొప్పులు ఉండవు.

స్పీడ్ లోడర్లలో నాబ్ తిప్పి వదిలేవి, నెట్టగానే వదిలేవి అని రెండు రకాలు. పోటీకి నెట్టేవే కావాలి. సఫారీల్యాండ్ కాంప్ 3 లాంటి స్ప్రింగ్ ఉన్నవి క్లాసిక్ విభాగంలో విరివిగా కనిపిస్తాయి.

ఇక తూటా. .38 స్పెషల్ కేసు దాదాపు 29 మిల్లీమీటర్లు, .357 మాగ్నమ్ ఇంకా పొడుగు. ఎక్స్‌ట్రాక్టర్ తోపు అంత దూరం ఉండదు కాబట్టి పొడవాటి కేసులు ఒక్కోసారి పూర్తిగా బయటికి రావు. దీనికి విరుగుడుగా ఎనిమిది తూటాల .357 వాళ్ళలో చాలామంది .38 షార్ట్ కోల్ట్ కేసులు వాడతారు. 19 మిల్లీమీటర్ల పైన కొద్దిగా ఉంటుంది, ఐపీఎస్‌సీ కనీస కేసు పొడవు 19 మిల్లీమీటర్లే. పొట్టిగా ఉండటంతో లోపలికి చటుక్కున దిగుతుంది, బయటికి ఎగిరిపడుతుంది. అయితే పోటీకి తగ్గ లోడ్ కావాలంటే తూటాలు సొంతంగా తయారుచేసుకోవాల్సిందే, దీన్నే రీలోడింగ్ అంటారు. ఆ ఓపిక లేనివాళ్ళకి 9 ఎంఎం. ఫ్యాక్టరీ తూటా ఎక్కడైనా దొరుకుతుంది, కేసు పొట్టి. దానికీ ఒక చిక్కు ఉంది. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు మిగతా గదుల్లోని బుల్లెట్లు కేసులోంచి ముందుకి జరిగే అవకాశం ఉంది. క్రింప్ (బుల్లెట్‌ని పట్టి ఉంచే కేసు మూతి నొక్కు) బలహీనంగా ఉంటే బుల్లెట్ మూతి సిలిండర్ దాటి బయటికి పొడుచుకొచ్చి తిరగకుండా అడ్డం పడుతుంది. వాడదలచుకున్న బ్రాండ్‌ని ముందే పరీక్షించాలి. ఐదు తూటాలు కాల్చి, ఆరో తూటాని తీసి పొడవు కొలిస్తే సంగతి తెలిసిపోతుంది.

చెయ్యి ఏం చెబుతోంది?

స్మిత్ అండ్ వెసన్‌లో కె, ఎల్, ఎన్ అని ఫ్రేములు, చిన్న నుంచి పెద్దకి. ఎనిమిది తూటాలు కావాలంటే ఎన్ ఫ్రేమ్ తప్పదు. చిన్న చేతులున్నవాళ్ళకి అక్కడే ఇబ్బంది. డబుల్ యాక్షన్‌లో (ఒక్క ట్రిగ్గర్ లాగుడుతోనే హ్యామర్ లేచి పడే పద్ధతి) ట్రిగ్గర్ దూరం నుంచి మొదలవుతుంది. ఖాళీ తుపాకీని ముంజేతికి సూటిగా పట్టుకుని చూడండి. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా రావాలి. వేలి కొస మాత్రమే అందుతుంటే, అందుకోవడం కోసం పట్టును పక్కకి తిప్పుతుంటే ఆ ఫ్రేమ్ మీది కాదు. పిడి మారిస్తే కొంత సర్దుకుంటుంది. వెనకవైపు లోహాన్ని కప్పని సన్నటి పిడి ఆ దూరాన్ని తగ్గిస్తుంది. అప్పటికీ అందకపోతే ఎల్ ఫ్రేమ్‌లో ఆరు తూటాలతో సుఖంగా ఆడటమే మేలు.

బ్యారెల్ పొడుగైతే మూతి బరువెక్కి నిలకడగా ఉంటుంది, కానీ ఒక టార్గెట్ నుంచి ఇంకోదానికి తిప్పి ఆపడం కష్టం. ఐదు అంగుళాలు దాదాపు అన్నిటికీ నప్పుతుంది, ఐడీపీఏ తప్ప. పొడవాటి బ్యారెల్‌తో గురి దానంతటదే మెరుగవుతుందని అనుకోవద్దు. మెరుగయ్యేది రెండు సైట్ల మధ్య దూరం, అంటే మీ తప్పు మీకు స్పష్టంగా కనిపిస్తుంది, అంతే.

ఏ మోడల్?

స్మిత్ అండ్ వెసన్ 686 ఎల్ ఫ్రేమ్ .357. ఐకోర్ క్లాసిక్, పీపీసీ రెండిటికీ పనికొస్తుంది, బ్యారెల్ నాలుగు అంగుళాలదైతే ఐడీపీఏకి కూడా. మొదటి రివాల్వర్‌గా కళ్ళు మూసుకుని చెప్పదగ్గది. ఏడు తూటాల 686 ప్లస్ మాత్రం పోటీకి ఎటూ కానిది. ఐపీఎస్‌సీలో మైనర్ అయిపోతుంది, ఎనిమిది లాభం రాదు.

627 ఎన్ ఫ్రేమ్ మీద ఎనిమిది తూటాల .357, మూన్ క్లిప్పులతో పనిచేస్తుంది. రీలోడింగ్ చేసుకునేవాళ్ళ ఎంపిక. 929 దాని 9 ఎంఎం తమ్ముడు. మిక్యులెక్ సంతకంతో వచ్చింది. ఆరున్నర అంగుళాల బ్యారెల్, టైటానియం సిలిండర్. సిలిండర్ తేలిక కావడంతో వేగంగా ట్రిగ్గర్ లాగినప్పుడు అది తిరిగి ఆగే దెబ్బ తగ్గుతుంది, సిలిండర్ స్టాప్ గాడులు తక్కువ అరుగుతాయి. కానీ టైటానియం గదులను గరుకు పదార్థాలతో రుద్ది శుభ్రం చేయకూడదు, పైపొర పోతే లోపల తినేస్తుంది. ఫ్యాక్టరీ తూటాతో ఆడేవాళ్ళకి నేను 929నే చెబుతాను.

625 .45 ఏసీపీ, ఆరు తూటాలు. రీలోడ్ ఇంత సులువైన రివాల్వర్ ఇంకోటి లేదు. మేజర్‌లో ఆడేవాళ్ళకీ, ఐకోర్ లిమిటెడ్ సిక్స్‌కీ మంచి తోడు.

రూగర్ జీపీ100 గట్టితనానికి పేరు. సిలిండర్ ముందు భాగం క్రేన్ (సిలిండర్‌ని పక్కకి తెరిచే చెయ్యి) దగ్గర కూడా లాక్ అవుతుంది. పక్క పలక ఉండదు కాబట్టి ఫ్రేమ్ దృఢం. మెయిన్ స్ప్రింగ్ చుట్ట రకం. లోపలి భాగాలు విప్పి శుభ్రం చేయడం తేలిక. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ మాత్రం స్మిత్ అంత నునుపుగా ఉండదు, పనిచేయిస్తే బాగుపడుతుంది. సూపర్ జీపీ100 ఎనిమిది తూటాలతో .357లోనూ 9 ఎంఎంలోనూ వచ్చింది. స్మిత్‌కి దొరికినన్ని పోటీ విడిభాగాలు, అనుభవం ఉన్న గన్‌స్మిత్‌లు రూగర్‌కి దొరకరు. ఈ ఒక్క కారణంతోనే చాలామంది స్మిత్ వైపు మొగ్గుతారు, అది సబబే.

కోల్ట్ పైథాన్ 2020లో మళ్ళీ వచ్చింది. అందంగా ఉంటుంది. వేగం పోటీలకి దానికోసం స్పీడ్ లోడర్లు, హోల్‌స్టర్, విడిభాగాలు వెతుక్కునే బదులు 686 తీసుకోవడం సుఖం.

మార్పులు ఏ వరుసలో?

మొదట పిడి. ఇది చౌక, మళ్ళీ వెనక్కి మార్చుకోగలిగేది, ఫలితం వెంటనే తెలిసేది. ఒక్కటే షరతు, పిడి ఎడమ పైభాగం స్పీడ్ లోడర్‌కి అడ్డం రాకూడదు. దుకాణంలో అందంగా కనిపించే లావుపాటి చెక్క పిడులు చాలావాటికి ఈ జబ్బు ఉంటుంది.

తర్వాత ఫ్రంట్ సైట్. వేగం పోటీలకి ఫైబర్ ఆప్టిక్ చుక్క, గురి పోటీలకి అంచులు పదునుగా ఉండే నల్లటి దిమ్మె. ఒకదాన్ని ఇంకోచోట వాడితే పని నడుస్తుంది, కానీ నల్ల టార్గెట్ కింద గురిపెట్టేటప్పుడు వెలిగే చుక్క కన్నును లాగేస్తుంది.

మూడోది సిలిండర్ గదుల అంచులను వాలుగా చెక్కించడం. ఉక్కు సిలిండర్‌కి ఇది చిన్న పనే. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం దగ్గర ఎక్కువ చెక్కితే కేసు అంచును పట్టుకోలేదు, అందుకని తెలిసినవాళ్ళ చేతే చేయించాలి.

ట్రిగ్గర్ పని ఇవన్నీ అయ్యాకే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ సుమారు 10 నుంచి 12 పౌండ్లు లాగుతుంది. మంచి గన్‌స్మిత్ చేతిలో 7, 8 పౌండ్లకి వస్తుంది. ఇంకా కిందికి పోవచ్చు, కానీ అక్కడి నుంచి ప్రైమర్లు (హ్యామర్ దెబ్బకి తూటాని పేల్చే అడుగు భాగాలు) మొండికేయడం మొదలవుతుంది. హ్యామర్ దెబ్బ బలహీనపడితే గట్టి ప్రైమర్ పేలదు. అందుకే బాగా తేలిక చేసిన రివాల్వర్ల వాళ్ళు మెత్తటివని పేరున్న ఫెడరల్ ప్రైమర్లనే పట్టుకు వేలాడతారు. ఆ ప్రైమర్లు దొరకని రోజున ఆ తుపాకీ పనికిరాదు. ఫ్యాక్టరీ తూటాతో ఆడేవాళ్ళు 8 పౌండ్ల దగ్గర ఆగిపోవడం తెలివైన పని. నిజానికి వేలికి ఇబ్బంది పెట్టేది బరువు కంటే గరుకుదనం. మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున సాగే 9 పౌండ్ల ట్రిగ్గర్, మధ్యలో తట్టుకునే 7 పౌండ్ల దానికంటే మంచి గ్రూపులు ఇస్తుంది.

మెయిన్ స్ప్రింగ్ తేలిక చేసి, ట్రిగ్గర్‌ని ముందుకి తోసే రిటర్న్ స్ప్రింగ్‌ని కూడా మరీ తేలిక చేస్తే ఇంకో ప్రమాదం. ట్రిగ్గర్ తిరిగి ముందుకి నెమ్మదిగా వస్తుంది, వేగంగా కాల్చేవాడి వేలు దానికంటే ముందు పరిగెడుతుంది, ట్రిగ్గర్ పూర్తిగా రీసెట్ కాకుండానే మళ్ళీ లాగుతాడు. సిలిండర్ తిరుగుతుంది కానీ తూటా పేలదు, లేదా అంతా బిగుసుకుంటుంది. రిటర్న్ స్ప్రింగ్‌ని కాస్త బలంగానే ఉంచమని అడగండి.

స్మిత్ పిడి ముందువైపు ఉండే స్ట్రెయిన్ స్క్రూని కొద్దిగా వదులు చేస్తే ట్రిగ్గర్ తేలికవుతుందని ఎవరో ఒకరు చెబుతారు. వినొద్దు. ఆ స్క్రూ కాలుస్తుండగా ఇంకా వదులై, మ్యాచ్ మధ్యలో తూటాలు పేలడం మానేస్తాయి. తేలిక కావాలంటే స్ప్రింగ్ మార్చాలి, స్క్రూ మాత్రం పూర్తిగా బిగించే ఉండాలి.

హ్యామర్ తోక కోయించడం వేగం పోటీల వాళ్ళలో మామూలు. తేలికైన హ్యామర్ వేగంగా పడుతుంది, తక్కువ బలం ఉన్న స్ప్రింగ్‌తోనూ ప్రైమర్‌ని బాగా కొడుతుంది. బొటనవేలితో లాగి సింగిల్ యాక్షన్‌లో కాల్చే వీలు పోతుంది కాబట్టి ఐఎస్‌ఎస్‌ఎఫ్ లాంటి గురి పోటీలు కూడా ఆడేవాళ్ళు ఈ పని చేయించకూడదు. కాస్త పొడవైన ఫైరింగ్ పిన్ పెట్టించడం ఈ మార్పులన్నిటికీ మంచి బీమా.

పని పూర్తయ్యాక పరీక్ష డబుల్ యాక్షన్‌లోనే చేయాలి. సింగిల్ యాక్షన్‌లో కంటే డబుల్ యాక్షన్‌లో హ్యామర్ కొంచెం తక్కువ దూరం నుంచి పడుతుంది, దెబ్బ బలహీనం. సింగిల్‌లో అన్నీ పేలాయని సంబరపడితే మ్యాచ్‌లో తెలుస్తుంది. సొంతంగా తూటా తయారుచేసుకునేవాళ్ళు ప్రైమర్ పూర్తిగా లోపల కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. పైకి లేచిన ప్రైమర్ మొదటి దెబ్బకి లోపలికి దిగి, రెండో దెబ్బకి పేలుతుంది. తప్పేమో స్ప్రింగ్ మీదికి పోతుంది.

ఒకటి మాత్రం ఖచ్చితంగా ముట్టుకోకూడదు. ట్రిగ్గర్ లాగనిదే హ్యామర్ పిన్‌ని తాకకుండా అడ్డుకునే హ్యామర్ బ్లాక్ లాంటి రక్షణ భాగాలను తేలికదనం కోసం తీసేసేవాళ్ళు ఉన్నారు. తుపాకీ కింద పడితే పేలకుండా కాపాడేది అదే. అలాగే హ్యామర్, దాన్ని పట్టి నిలిపే సియర్ అంచులను ఇంట్లో ఆకురాయి పెట్టి రుద్దడం. గట్టిపరిచిన పైపొర పలచగా ఉంటుంది, అది పోతే కోణం మారిపోయి, లాగి నిలబెట్టిన హ్యామర్ తోస్తే పడిపోయే స్థితి వస్తుంది. ఇంట్లో చేసుకోదగ్గవి పిడి, ఫ్రంట్ సైట్, శుభ్రం చేయడం, నూనె. లోపలి పని గన్‌స్మిత్‌ది.

పాతది కొంటుంటే

పోటీ రివాల్వర్లు పాతవి తీసుకోవడం తప్పేమీ కాదు, ఎవరో డబ్బు పెట్టి చేయించిన ట్రిగ్గర్ పని కలిసి వస్తుంది. అయితే పోటీలో వాడిన తుపాకీ వేలకొద్దీ తూటాలు చూసి ఉంటుంది. యజమాని అనుమతితో, సిలిండర్ తెరిచి గదులన్నీ ఖాళీ అని ఇద్దరూ చూసుకున్నాక పరీక్షించండి. సిలిండర్‌ని వేలితో కొద్దిగా ఆపుతూ ట్రిగ్గర్‌ని చాలా నెమ్మదిగా లాగితే, హ్యామర్ పడేలోపే సిలిండర్ స్టాప్ టక్కున గాడిలో కూర్చోవాలి. ప్రతి గది దగ్గరా చూడాలి, ఒక్క గది దగ్గర ఆలస్యమైనా టైమింగ్ పోయినట్టే. సిలిండర్ ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఎండ్‌షేక్ పెరిగింది, షిమ్‌లతో (పలచటి వాషర్లతో) సరిచేయొచ్చు కానీ బేరంలో ఆ ఖర్చు తగ్గించుకోండి. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఖాళీ 0.004 నుంచి 0.008 అంగుళాల మధ్య ఉంటే బాగున్నట్టు. మరీ తక్కువగా ఉంటే వేడెక్కినప్పుడు మసి పట్టి సిలిండర్ రాసుకుంటుంది.

హ్యామర్ వెనక్కి లాగి నిలబెట్టి బొటనవేలితో ముందుకి మెల్లగా తోయండి. పడిపోతే కొనొద్దు. అమ్మే మనిషి ట్రిగ్గర్ ఎన్ని పౌండ్లో గొప్పగా చెబుతుంటే, ఏ ప్రైమర్‌తో అని అడగండి. వీలైతే మీరు వాడబోయే తూటాతోనే రేంజ్‌లో రెండు మూడు సిలిండర్లు డబుల్ యాక్షన్‌లో కాల్పించి చూడండి. దానితో పాటు మూన్ క్లిప్పులు ఎన్ని ఇస్తాడో కూడా ముందే తేల్చుకోండి. క్లిప్పులు, స్పీడ్ లోడర్లు, బెల్టు, హోల్‌స్టర్ విడిగా కొనాల్సి వస్తే పాత తుపాకీలో మిగిలిన డబ్బంతా అక్కడే పోతుంది.